టోక్యోలో ఒక రాత్రి – బలము, యుక్తి, న్యాయము

మన ఉత్తరాంధ్ర పల్లెలలో పూర్వము రచ్చబండ చెంతనో, గుడి ముంగిటనో సంగిడిరాయి యని యొకటి పడియుండెడిది. పండుగ దినములలో వయసువాండ్రు పోటీలు పడి దాని నెత్తుచుండెడివారు. ఆ రాతికి మోతుబరి, పాలేరు అను భేదము తెలియదు. ఎత్తినవాడు ఎత్తినట్లే, ఎత్తలేనివాడు ఎత్తలేనట్లే. అందు సాక్ష్యములతో గాని సిఫారసులతో గాని పని లేదు. ఉదయము మొదలు సాయంకాలము వరకు దస్త్రముల నడుమ కూర్చుండి, "పైవారి ఆజ్ఞకై సమర్పించడమైనది" అని వ్రాయుటలో జీవితము గడపు మాబోంట్లకు ఇట్టి తిరుగులేని తీర్పుపై ఒక విధమైన మోహము కలుగుట సహజము. ఈ వ్యాసకర్త తన జీవితములో ఎత్తిన గొప్ప బరువు పాత రికార్డుల కట్ట మాత్రమే. అయినను బరువులెత్తు వీరుల చరిత్ర చదువుటయందు అతనికి చిన్ననాటినుండియు ఆసక్తి మెండు.

ఈ విద్య తెలుగువారికి క్రొత్తదియు గాదు. 1963లో వెలువడిన 'నర్తనశాల' చిత్రమున భీమ పాత్ర ధరించిన దండమూడి రాజగోపాలరావుగారిని చూడని తెలుగువారు అరుదు. ఆయన వేషమునకు మాత్రమే భీముడు గాడు. 1951లో మనము నివసించుచున్న ఈ ఢిల్లీ నగరముననే జరిగిన ప్రథమ ఆసియా క్రీడలలో బరువులెత్తు పోటీయందు కాంస్య పతకము గడించిన నిజమైన వస్తాదు. తాలింఖానాలో పెరిగిన దేహమును వెండితెరపై చూచి మన పెద్దలు భీముడనగా ఇట్లే యుండునని తృప్తిపడిరి.

ఇనుమునకు పక్షపాతము లేదన్న మాట నిజమే. కాని పోటీ యనునది ఇనుముతో మాత్రమే జరుగునది గాదు. అందు నిబంధనలు కలవు, న్యాయనిర్ణేతలు కలరు, ఎవరు ముందు ఎవరు వెనుక అను క్రమము కలదు. అన్నిటిని మించి ఎదుటివాని మనస్సు కలదు. ఈ సత్యము 1964వ సంవత్సరము అక్టోబరు 18వ తేదీన టోక్యో నగరమున జరిగిన ఒలింపిక్ హెవీవెయిట్ పోటీలో వెల్లడియైనంత స్పష్టముగా మరెక్కడను వెల్లడి కాలేదని చెప్పవచ్చును. ఆ రాత్రి ఓడిన వీరుడు తనకు అన్యాయము జరిగెనని జీవితాంతము భావించెను. నిజముగా అన్యాయము జరిగెనా? ఈ ప్రశ్నను విచారించుటయే ఈ చిన్న వ్యాసమున నా ఉద్దేశము.

ఇందుకు ముందుగా ఈ క్రీడ పూర్వచరిత్రను కొంత తెలిసికొనుట అవసరము. 1896లో ఏథెన్సు నగరమున ఆధునిక ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైనపుడే బరువులెత్తు పోటీకి స్థానము లభించెను. అప్పుడు శరీరభారమును బట్టి తరగతులు లేవు. ఒంటిచేతితో నెత్తుట యొకటి, రెండుచేతులతో నెత్తుట యొకటి, ఇవియే రెండు పోటీలు. రెండుచేతుల పోటీలో డెన్మార్కు దేశీయుడు విగ్గో జెన్సన్, బ్రిటనుకు చెందిన లాన్సెస్టన్ ఇలియట్ ఇరువురును 111.5 కిలోలే యెత్తిరి. ఇక విజేత ఎవరు? జెన్సన్ ఎత్తిన తీరు చక్కగా నున్నదని, ఇలియట్ పాదము కదలెనని నిర్ణయించి, న్యాయనిర్ణేతగా నున్న గ్రీసు యువరాజు జార్జి ప్రథమ స్థానమును జెన్సన్‌కు ఒసగెను. ఆంగ్లేయులు ఆక్షేపించిరి గాని ఫలితము మారలేదు. ఒంటిచేతి పోటీలో ఇలియట్ 71 కిలోలెత్తి ఆ కొరత తీర్చుకొనెను. ఒలింపిక్ చరిత్రలో ఈ క్రీడ పుట్టిననాడే, ఇనుము సమానమని చెప్పినచోట మనుష్యుని తీర్పు తలయెత్తెనన్న సంగతి చదువరులు గమనింపవలెను.

కాలక్రమమున నిబంధనలు ఏర్పడినవి. 1920 ఆంట్‌వెర్ప్ క్రీడలనాటికి శరీరభారమును బట్టి తరగతులు వచ్చినవి. 1928 ఆంస్టర్‌డాం క్రీడలనాటినుండి రెండుచేతులతో నెత్తు మూడు విధములైన ఎత్తులు స్థిరపడినవి. మొదటిది ప్రెస్సు. ఇనుప కడ్డీని రొమ్ముమీదికి తెచ్చి, ఒక క్షణము నిలిచి, కాళ్లు కదలింపక కేవలము భుజబలముతో తలపైకి త్రోయుట. రెండవది స్నాచ్. నేలనుండి ఒక్క ఊపున తలపైకి తీసికొనిపోవుట. మూడవది క్లీన్ అండ్ జర్క్, దీనినే క్లుప్తముగా జర్కు అందురు. మొదట రొమ్మువరకు, పిదప కాళ్ల ఊతముతో తలపైకి, ఈ విధముగ రెండు అంగలలో నెత్తుట. ఒక్కొక్క ఎత్తునకు మూడు ప్రయత్నములు. మూడింటిలోను ఎత్తిన అత్యధిక భారములను కూడగా వచ్చు మొత్తమును బట్టి విజయము.

అన్ని తరగతులకును శరీరభారమునకు గరిష్ఠ పరిమితి యుండగా హెవీవెయిట్ తరగతికి మాత్రము అప్పుడు లేకుండెను. ఎంతటి భారీ కాయమైనను అందు చేరుటకు వీలుండెను. అందుచేతనే లోకమున అందరికంటె బలవంతుడెవడు అన్న ప్రశ్నకు ఆ తరగతి విజేతయే సమాధానమని జనులు భావించుచుండెడివారు. అయితే ఆ దినములలో అందొక చిత్రమైన నియమము ఉండెడిది. ఇరువురి మొత్తములు సమానమైనచో తక్కువ శరీరభారము గలవానికే గెలుపు. 1956లో మెల్‌బోర్న్ నగరమున ఈ నియమమే బంగారు పతకమును నిర్ణయించెను. అమెరికా వీరుడు పాల్ ఆండర్సన్ జ్వరపీడితుడై బరువు తగ్గియుండెను. ఆర్జెంటీనాకు చెందిన హుంబెర్తో సెల్వెట్టి 500 కిలోల మొత్తముతో ముందంజలో నుండెను. ఆండర్సన్ జర్కులో 187.5 కిలోలను రెండుమారులు ఎత్తబోయి విఫలుడై, మూడవమారు ఎత్తి 500 కిలోలకే చేరెను. కాని అతని దేహము సెల్వెట్టి దేహముకంటె తేలిక. జ్వరము తీసికొనిపోయిన కండయే ఆతనికి స్వర్ణము తెచ్చిపెట్టినదని అనవచ్చును. ఈ నియమమును చదువరులు జ్ఞాపకమునందుంచుకొనవలెను. టోక్యోలో జరిగిన కథకు ఇది కీలకము.

ఇక కథానాయకుని సంగతి. యూరీ వ్లాసోవ్ 1935లో యుక్రెయిన్‌లోని మకేయెవ్కా పట్టణమున జన్మించెను. తండ్రి దౌత్యోద్యోగి. కుమారుడు సైనిక పాఠశాలలో చదివి, మాస్కోలోని జుకోవ్‌స్కీ వైమానిక ఇంజనీరింగు అకాడమీలో 1959లో పట్టభద్రుడయ్యెను. కండ్లద్దములు ధరించి బరువు చెంతకు వచ్చు ఆ విద్యావంతుని చూచినవారికి బలవంతుడనగా మొరటువాడను పూర్వాభిప్రాయము పటాపంచలయ్యెను. గ్రంథపఠనమునందును రచనయందును ఆతనికి గల ప్రీతి ఇనుముపై గల ప్రీతికి తీసిపోవునది గాదు. పోటీలలో పాల్గొనుచున్న దినములలోనే కథలు వ్రాసి ప్రకటించుచుండెను.

1960 రోము క్రీడలలో వ్లాసోవ్ సోవియట్ జట్టు పతాకధారి. హెవీవెయిట్ పోటీలో ప్రెస్సు 180, స్నాచ్ 155, జర్కు 202.5 కిలోలు, వెరసి 537.5 కిలోలెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. ద్వితీయ స్థానము పొందిన అమెరికన్ జేమ్స్ బ్రాడ్‌ఫర్డ్ మొత్తము 512.5, తృతీయుడైన అమెరికన్ నార్బర్ట్ షెమాన్‌స్కీ మొత్తము 500. పాతిక కిలోల వ్యత్యాసము! జర్కులో రెండువందల కిలోలకు పైబడిన కడ్డీని తలపై నిలిపిన ఆ దృశ్యమును చూచి, ఈ యుగమునకు ఇతడే బలశాలి యని క్రీడాలోకము నిశ్చయించుకొనెను. 1961లో వియన్నా నగరమున ఆతడు ప్రపంచ పోటీలలో పాల్గొనుచుండగా పదునాలుగేండ్ల ఆస్ట్రియన్ బాలుడొకడు వచ్చి ఆతనితో కరచాలనము చేసి, ఇంటికి పోయి ఆతని చిత్తరువును మంచముపై గోడకు తగిలించుకొనెను. ఆ బాలుడే తరువాత దేహదార్ఢ్యమునకును చలనచిత్రములకును ప్రసిద్ధుడైన ఆర్నాల్డ్ ష్వార్జెనెగ్గర్.

1959 మొదలు 1963 వరకు వరుసగా ప్రపంచ విజేత వ్లాసోవే. అట్లని ప్రతి విజయమును సులభమైనది గాదు. 1962లో బుడాపెస్టులో షెమాన్‌స్కీపై ఆతని ఆధిక్యము కేవలము రెండున్నర కిలోలు. అయినను ఓటమి రుచి ఎరుగని వీరుడు కొంతకాలమునకు ప్రత్యర్థులను మరచి రికార్డులతోనే పోరాడుట మొదలిడును. వ్లాసోవ్ విషయమున అట్లే జరిగినదని నా అభిప్రాయము. ఇది నింద గాదు. తనకు సమానుడు లేడనుకొన్నవానికి ఇనుము ఒక్కటియే తగిన ప్రతిద్వంద్విగా కనబడుట సహజము.

ఆ సమానుడు స్వదేశముననే పెరుగుచుండెను. లెయొనిద్ జబొతిన్‌స్కీ 1938లో ఖార్కివ్ మండలములోని ఉస్పెంకా గ్రామమున జన్మించెను. చిన్నతనమున యుద్ధకాలపు కష్టములను చవిచూచి, యౌవనమున ట్రాక్టరుల కర్మాగారములో పనిచేయుచు అచ్చటనే బరువులెత్తుట అభ్యసించెను. వ్లాసోవ్‌కంటె పొడగరి, భారీ కాయుడు. 1963 ప్రపంచ పోటీలలో తృతీయ స్థానము పొందెను. 1964 మొదటి భాగమున 560 కిలోలెత్తి మొత్తములో ప్రపంచ రికార్డును వ్లాసోవ్ చేతినుండి లాగికొనెను. వ్లాసోవ్ ఊరకుండలేదు. అదే సంవత్సరము సెప్టెంబరులో, మాస్కో చేరువనున్న పొదోల్‌స్క్ పట్టణమున, 580 కిలోలెత్తి రికార్డును తిరిగి కైవసము చేసికొనెను. ఒలింపిక్ క్రీడలకు కొద్ది వారములే మిగిలియుండెను. ఇరువురి నడుమ ఇరువది కిలోల దూరము. టోక్యోలో స్వర్ణము ఎవరిదను విషయమున అనేకులకు సందేహము లేకుండెను. వ్లాసోవ్‌కు అసలే లేకుండెను.

అక్టోబరు 18వ తేదీన టోక్యోలోని షిబుయా పౌరభవనమున పోటీ ప్రారంభమయ్యెను. ఒకే దేశపు జట్టులోని వారిరువురు. ఒకే రంగు దుస్తులు. ఒకే గదిలో సన్నాహము. వ్లాసోవ్ శరీరభారము సుమారు 136 కిలోలు, జబొతిన్‌స్కీది సుమారు 154 కిలోలు. ప్రెస్సులో వ్లాసోవ్ 197.5 కిలోలెత్తి ప్రపంచ రికార్డు స్థాపించెను. జబొతిన్‌స్కీ 187.5 కిలోల వద్ద నిలిచెను. ఆధిక్యము పది కిలోలు. స్నాచ్‌లో కథ కొంత మారెను. జబొతిన్‌స్కీ 167.5 ఎత్తగా వ్లాసోవ్ 162.5 మాత్రమే ఎత్తగలిగెను. ఆధిక్యము అయిదు కిలోలకు దిగెను.

ఇచ్చట జరిగిన యొక చర్యను నేను పలుమారులు తలపోసితిని. ప్రపంచ రికార్డుకై అదనముగా నాల్గవ ప్రయత్నము చేయుటకు ఆనాటి నిబంధనలు అనుమతించెడివి. అట్లు ఎత్తిన భారము రికార్డుల పట్టికలో చేరునేగాని పోటీ మొత్తములో చేరదు. వ్లాసోవ్ ఆ అవకాశమును కోరెను. 172.5 కిలోలను స్నాచ్ చేసి మరియొక ప్రపంచ రికార్డు నెలకొల్పెను! ప్రేక్షకులు హర్షధ్వానములు సలిపిరి. పోటీ లెక్కలో మాత్రము ఒక్క గ్రాము కూడ పెరుగలేదు. జబొతిన్‌స్కీ ఆ సమయమున విశ్రాంతి తీసికొనుచుండెను. ఒకడు చరిత్రకొరకు ఎత్తుచుండగా మరియొకడు ఆ రాత్రి పోటీకొరకు బలము దాచుకొనుచుండెనని చెప్పినచో తప్పుగాదు.

ఇక జర్కు. జబొతిన్‌స్కీ గెలువవలెనన్న వ్లాసోవ్‌కంటె అయిదు కిలోలు అధికముగా నెత్తిన చాలదు. మొత్తములు సమానమైనచో తేలిక దేహము గల వ్లాసోవ్‌కే విజయము. మెల్‌బోర్న్‌లో ఆండర్సన్‌ను గెలిపించిన నియమమే ఇచ్చటను కలదు. కడ్డీపై భారము అప్పుడు రెండున్నర కిలోల చొప్పున పెరుగుచుండెను గనుక ఏడున్నర కిలోలు అధికముగా నెత్తవలెను. జబొతిన్‌స్కీ 200 కిలోలతో ప్రారంభించెను. వ్లాసోవ్ 205 ఎత్తెను, పిదప 210 ఎత్తెను. మొత్తము 570. ఇప్పుడు జబొతిన్‌స్కీకి కావలసినది 217.5 కిలోలు. అంతకుముందు లోకమున ఏ పోటీలోను ఎవరును తలపైకెత్తియుండని భారమది.

జబొతిన్‌స్కీ 217.5 కిలోలు కోరెను. వేదికపైకి వచ్చి కడ్డీని పట్టుకొని లాగెను. కడ్డీ కొంత లేచెను. ఆతడు దానిక్రిందికి పోవు ప్రయత్నమైనను సరిగా చేయక విడిచిపెట్టెను. చూచినవారికి అది ఓటమిని అంగీకరించినవాని చేష్టవలె తోచెను. తన వలన కాదని ఆతడు తేల్చుకొనెనని ప్రేక్షకులు తలంచిరి. ఆతనికి ఇంకొక ప్రయత్నము మిగిలియున్నదను మాట ఎవరును పట్టించుకొనలేదు.

వ్లాసోవ్‌కును ఒక ప్రయత్నమే మిగిలియుండెను. ఆతడు ఎంత భారము కోరవలెను? భారము పెంచుటయే గాని తగ్గించుటకు వీలులేదు. కడ్డీపై అప్పటికే 217.5 కిలోలున్నవి. ఎత్తగలిగినచో స్వర్ణము, ప్రపంచ రికార్డు రెండును తనవే. ఆతడు కడ్డీని రొమ్ముమీదికి తెచ్చుకొనవలెనని శ్రమించెను గాని ఎత్తు సఫలము కాలేదు. అయినను భయమేమి? ప్రత్యర్థి కొద్ది నిముషములకు ముందే ఆ బరువును వదలివేసెను గదా.

అప్పుడు జబొతిన్‌స్కీ మరల వేదికపైకి వచ్చెను. ఈమారు నడకలో తొట్రుపాటు లేదు. కడ్డీని రొమ్ముమీదికి తెచ్చెను, నిలువబడెను, తలపైకి త్రోసి నిలిపెను. 217.5 కిలోలు! జర్కులో ప్రపంచ రికార్డు, మొత్తము 572.5, స్వర్ణ పతకము. వ్లాసోవ్‌కు 570తో రజతము. నలువదేండ్ల వయస్సున షెమాన్‌స్కీ 537.5 కిలోలతో కాంస్యము పొంది, నాలుగు ఒలింపిక్ పతకములు గడించిన మొదటి బరువులెత్తు వీరుడయ్యెను. రెండు ప్రపంచ రికార్డులు స్థాపించిన వ్లాసోవ్ ఆ రాత్రి ఓడినవాడు.

ఆతడు తరువాత వ్రాసికొన్నదానిని బట్టి చూడగా, ఆ రాత్రి ఆతనికి దుఃఖము ఆగలేదు. రజత పతకమును కిటికీనుండి బయటికి విసరివేసెను. బలపరీక్షలోని నిర్మలత్వమును, నిష్పాక్షికతను తాను ఎల్లప్పుడును పూజించితిననియు, న్యాయముతో సంబంధము లేని బలము కూడ ఒకటి గలదని ఆ రాత్రి తెలిసికొంటిననియు ఆతని భావము. పోటీకి ముందును పోటీ నడుమను జబొతిన్‌స్కీ తాను ప్రథమ స్థానమునకై పోరాడుట లేదను భావము కల్పించి తనను ఏమరపాటున పడవేసెనని ఆతని ఫిర్యాదు. ఆ రెండవ ప్రయత్నము నిజమైన వైఫల్యమో, బుద్ధిపూర్వకమైన నటనయో అని క్రీడాభిమానులు నేటికిని వాదించుచునే యున్నారు. యుక్తియే యని తలంచువారే అధికసంఖ్యాకులు.

దీనిని చదివినపుడు మనకు భారతములోని గదాయుద్ధము స్మరణకు వచ్చుట సహజము. భీముడు దుర్యోధనుని తొడ విరుగగొట్టెను. నాభికి దిగువను కొట్టరాదను నియమమును అతిక్రమించెను గనుకనే బలరాముడు నాగలి ఎత్తి భీమునిపైకి లేచెను. శ్రీకృష్ణుడు వారింపవలసి వచ్చెను. అచ్చట నియమభంగము స్పష్టము. దానిని సమర్థించుటకు ప్రతిజ్ఞను, పూర్వాపరాధములను చెప్పవలసి వచ్చినది. టోక్యోలో నియమభంగమేదియు లేదు. తన ప్రయత్నమును ఏ విధముగ వినియోగించుకొనవలెనన్నది ఎత్తువాని స్వాతంత్ర్యము. ఆ రాత్రి అచ్చట బలరాముడున్నను నాగలి ఎత్తుటకు కారణము కనబడదు.

అంతమాత్రమే గాదు. యుక్తి వలన ఇనుము తేలిక గాదు. జబొతిన్‌స్కీ మనస్సులో ఎన్ని పన్నాగములున్నను, కడపట తలపై నిలిపినది 217.5 కిలోల ఇనుమే. ఎదుటివానిని ఏమార్చవచ్చును గాని కడ్డీని ఏమార్చుటకు వీలులేదు. వ్లాసోవ్ కూడ అదే భారమును ప్రయత్నించి ఎత్తలేకపోయెనన్నది కాదనరాని సత్యము. ప్రత్యర్థికి మూడవ ప్రయత్నము మిగిలియున్నదను సంగతి గోడపై పట్టికలో వ్రాసియే యున్నది. ఆ పట్టికను చదువుట కంటె ఎదుటివాని ముఖమును చదువుటను వ్లాసోవ్ నమ్మెను. దానికి మూల్యము చెల్లించెను. స్నాచ్‌లో అదనపు రికార్డుకై వెచ్చించిన శక్తి జర్కు కడపటి ప్రయత్నమున మిగిలియున్నచో ఏమి జరిగియుండెడిదో ఎవరు చెప్పగలరు? కావున తీర్పు చెప్పవలసివచ్చినచో పతకము చేరవలసిన కంఠమునే చేరినదని చెప్పుదును.

అయినను వ్లాసోవ్ దుఃఖమును బాలిశమని త్రోసిపుచ్చుటకు నాకు మనసొప్పదు. ఆతనిని బాధించినది ఓటమి గాదు. తాను గుడి యనుకొన్నచోట అంగడి కనబడుటయే బాధ. నియమములలో ఒక్క అక్షరమైనను తప్పకుండ నడచిన పనియు మనస్సును గాయపరుపగలదని, చట్టము నెరవేరుటయు న్యాయము నెరవేరుటయు ఎల్లప్పుడును ఒకటి గావని, ఉద్యోగములో ఇరువది యేండ్లు గడచిన మనలో ఎవరికి తెలియదు? ఎన్ని దస్త్రములు నిబంధనల ప్రకారమే ముగిసియు, ముగించినవానికి నిదుర పట్టనీయలేదు! ఒకే జట్టులోని సహచరుడు కావున ఆ గాయము మరింత లోతుగా దిగినది. శత్రువు నుండి యుక్తిని ఎదురుచూతుము; ప్రక్క పీటపై కూర్చున్నవాని నుండి ఎదురుచూడము.

తరువాతి చరిత్ర ఇరువురి విషయమునను చెప్పదగినది. జబొతిన్‌స్కీ విజయము ఆకస్మికము గాదని కాలము నిరూపించెను. 1968 మెక్సికో క్రీడలలో మరల 572.5 కిలోలతోనే స్వర్ణము గెలిచెను. ఆ క్రీడల ప్రారంభోత్సవమున దేశపతాకమును ఒంటిచేతితో ముందుకు చాచి పట్టుకొని నడచి చూపరులను ఆశ్చర్యచకితులను గావించెను. వ్లాసోవ్ 1967లో ప్రెస్సులో 199 కిలోలెత్తి తన కడపటి రికార్డును స్థాపించి రంగమును విడిచెను. ఆతడు నెలకొల్పిన ప్రపంచ రికార్డులు మొత్తము 31. 1970లో వాసిలీ అలెక్సేయెవ్ మూడు ఎత్తులు కలిపి 600 కిలోలు దాటి ఇరువురి అంకెలను వెనుకకు నెట్టెను. బలమునకు శాశ్వత సింహాసనము లేదు.

మారినవి అంకెలు మాత్రమే గావు. వ్లాసోవ్‌కు గొప్ప పేరు తెచ్చిన ప్రెస్సు 1972 మ్యూనిక్ క్రీడల అనంతరము పోటీలనుండి తొలగింపబడెను. కారణము విచారించినచో మన విషయమునకే చేరును. ఎత్తువారు నడుమును వెనుకకు వంచి, తుంటి ఊపుతో కడ్డీని త్రోయుచుండిరి. అది చెల్లునో చెల్లదో అన్న విషయమున నిర్ణేతల తీర్పులు పొంతన లేకుండెను. వెన్నెముకకు అపాయమన్న భయము గూడ తోడయ్యెను. ఏథెన్సులో ఇలియట్ పాదముతో మొదలైన వివాదము డెబ్బదియారు సంవత్సరములకు ఒక ఎత్తునే బలిగొన్నది. కేవల బలమునే కొలువగోరినవారికై స్క్వాట్, బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్ అను మూడు ఎత్తులతో పవర్‌లిఫ్టింగ్ అను వేరొక క్రీడ రూపొందెను. 1972లో దానికి అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడెను. మెల్‌బోర్న్ విజేత ఆండర్సన్ తన స్క్వాట్ బలము వలన ఆ క్రీడకును పెద్దగా గౌరవింపబడుచున్నాడు. అందును తరగతులు, నిర్ణేతలు, ప్రయత్నములు తప్పలేదు.

మిగిలిన రెండు ఎత్తుల పోటీలోనే మన తెలుగు బిడ్డ దేశమునకు కీర్తి తెచ్చినది. 2000 సిడ్నీ క్రీడలలో, మహిళల బరువులెత్తు పోటీలు ఒలింపిక్స్‌లో మొదటిసారిగా ప్రవేశపెట్టబడిన ఆ సంవత్సరముననే, శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 69 కిలోల తరగతిలో స్నాచ్ 110, జర్కు 130, వెరసి 240 కిలోలెత్తి కాంస్యము గెలిచి, ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారతీయ మహిళ యయ్యెను. ఆమెకంటె ముందున్న ఇరువురును 242.5 కిలోలెత్తిరి, తేలిక దేహము గల చైనా యువతికి స్వర్ణము దక్కెను. మల్లీశ్వరి కడపటి ప్రయత్నమున 137.5 కిలోలు కోరెను. ఎత్తినచో స్వర్ణమే. కడ్డీ నిలువలేదు. అంత భారము కోరవలసినదా, కొంచెము తక్కువ కోరినచో బాగుండెడిదా అని మన ఇండ్లలో ఆనాడు జరిగిన వాదములు పలువురకు జ్ఞప్తియందుండును. సంగిడిరాయి పుట్టిన సీమనుండి వచ్చిన ఆ బిడ్డ మెట్టు మెట్టుగా గాక ఒక్కమారే శిఖరమునకు చేయి చాచెను. వ్లాసోవ్ కడపటి ప్రయత్నమును చదివినపుడెల్ల నాకు ఆ దృశ్యమే కండ్లకు కట్టును.

వ్లాసోవ్ శేషజీవితమున ఇనుముకంటె బరువైనవి ఎత్తవలసి వచ్చెను. వెన్నెముక దెబ్బతిని 1983లో శస్త్రచికిత్సలకు లోనయ్యెను. కోలుకొని రచనలు సాగించెను. 1989లో సోవియట్ ప్రజాప్రతినిధుల మహాసభకు ఎన్నికై, రహస్య పోలీసు వ్యవస్థ చేసిన ఘోరములను ఆ సభలోనే నిలిచి బహిరంగముగ విమర్శించెను. అంతవరకు ఆ వేదికనుండి అట్టి మాటలు పలుకుటకు సాహసించినవారు అరుదు. న్యాయముతో సంబంధము లేని బలమును గుర్తించితినని టోక్యోలో తలంచినవాడు పాతికేండ్లకు అంతకంటె మిక్కిలి పెద్దదియగు అట్టి బలమును ఎదుర్కొనెను. జబొతిన్‌స్కీ 2016లోను, వ్లాసోవ్ 2021లోను కాలధర్మము నొందిరి.

ఆ పోటీ ఫలితపు పట్టిక నేటికిని మారలేదు, మారదు కూడ. 572.5, 570, 537.5. అంకెల విషయమున ఇనుము చెప్పిన సాక్ష్యము సత్యమే. కాని ఆ రెండున్నర కిలోలలో ఎంత బలము, ఎంత యుక్తి, ఎంత గర్వము, ఎంత ఏమరపాటు కలిసియున్నవో తూచుటకు ఏ త్రాసును లేదు. గెలిచినవానిని అభినందించుట మన విధి. రజత పతకమును చీకటిలోనికి విసరివేసినవాని మనస్సును అర్థము చేసికొనుట మన సంస్కారము. ఈ రెండును ఒకే హృదయమున ఇముడునని నా విశ్వాసము.